మూరెడు లోతు

మా భవానీపురంలో రోడ్డు వేసిన ప్రతిసారీ ఇళ్లు ఒక మెట్టు కిందికి దిగిపోతుంటాయి. పాత రోడ్డు తవ్వి తీసే అలవాటు ఎవరికీ లేదు, దానిమీదే కొత్తది పోస్తారు. అందుకని వానొస్తే వీధిలో నీళ్లన్నీ పిలవని చుట్టాల్లా వాకిట్లోకి వచ్చేస్తాయి. ఆ బాధ పడలేక మొన్న మా ఎదురింటి బ్యాంకు ఉద్యోగి వాకిలి మెరక చేయించుకోవడం మొదలుపెట్టాడు. మొదటి ట్రాక్టరు వచ్చి ఆగింది. తోలుకొచ్చినవాడు "నిండా యూనిట్ అండీ" అన్నాడు. యూనిట్ అంటే నూరు ఘనపుటడుగులు. నేను మా గేటు దగ్గర పూలు కోసుకుంటున్నాను. నాకు సంబంధం లేని విషయాల్లో తల దూర్చకూడదని ఎనభై ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను గాని, నోరు ఆగలేదు. "యూనిట్ కాదు బాబూ, ముప్పావు" అన్నాను. ట్రాక్టరువాడు నావంక చూసి నవ్వాడు. బ్యాంకు ఆయన మాత్రం లోపలికెళ్లి టేపు తెచ్చి కొలిచాడు. పొడవు పది, వెడల్పు ఆరు, మట్టి ఎత్తు అడుగుంబావు. సెల్‌ఫోనులో లెక్కవేసి డెబ్బై అయిదని పైకి చదివి, నోరు తెరిచాడు. "మామ్మగారూ, మీరు ఇంజనీరింగు డిపార్టుమెంటులో చేశారాండీ?" అని అడిగాడు. లేదు నాయనా, ఎలిమెంటరీ స్కూలు పంతులమ్మని అన్నాను. మరి ఇదెవరు నేర్పారండీ అన్నాడు. "మా బావ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చి ఎన్నేళ్లయిందో నాకే తెలియదు. ఇంట్లోకొచ్చాక ఆ పూట అన్నం సయించలేదు.

బావ అంటే మా అక్క మొగుడు. అక్క మొగుడు కాకముందే మా అమ్మకి సొంత అన్న కొడుకు. ఏడేళ్లప్పుడు తల్లి పోతే మా అమ్మ తెచ్చి పెంచుకుంది. మాతోపాటే తిని, మాతోపాటే తన్నులు తిని పెరిగాడు. పామర్రుకి రెండు మైళ్ల దూరంలో, కాలవ గట్టు పక్కన మా ఊరు. చదువు పెద్దగా అబ్బలేదు గాని బావకి కొలతల పిచ్చి ఉండేది. ఆ పిచ్చే అన్నం పెట్టింది. బెజవాడ కంట్రాక్టరు ఒకాయన దగ్గర మట్టిపనుల మేస్త్రీగా కుదిరాడు. ఎవరింటి ముందైనా మట్టి కుప్ప కనబడితే చాలు, చుట్టూ ఒకసారి తిరిగి, కళ్లు సగం మూసి, "పదకొండు బళ్లు" అనేవాడు. పన్నెండో బండి ఉండేది కాదు. ఒకసారి ఎవరిదో పెళ్లిలో అరటాకుల మీద పోసిన బూందీ రాశిని చూసి ఎనిమిది కుంచాలన్నాడు. వంటాయనకి రోషం వచ్చి కుంచం పెట్టి కొలిపించాడు. ఏడున్నరే వచ్చింది. బావ తొణకలేదు. "ఆ అరకుంచం కొలిపించే లోపల మీరు తిన్నారండీ" అన్నాడు. వంటాయన మూతి తుడుచుకున్నాడు. పెళ్లికూతుర్ని వదిలేసి జనమంతా మా బావని చూశారు. నా మట్టుకు నేను, ఇలాంటి మనిషి మా ఇంట్లో ఉన్నందుకు గర్వంతో ఉబ్బిపోయాను.

నేను బందరులో ట్రైనింగు ముగించుకుని మా ఊరి బడిలోనే ఉద్యోగం చేస్తున్న రోజులవి. ఇరవయ్యొక్క ఏళ్లు. పెళ్లి మాట ఎత్తితే ముఖం చిట్లించేదాన్ని. బావ నన్ను పంతులమ్మగారూ అని ఏడిపించేవాడు. పిల్లలకి ఘనపరిమాణం ఎక్కాల పుస్తకంలోంచి చెబితే బుర్రకెక్కదని, నాకు మట్టి మీద చెప్పాడు. ఒకటే మట్టికి మూడు కొలతలుంటాయట. నేలలో ఉన్నప్పుడు ఒక కొలత, తవ్వి తట్టలో పోస్తే పొంగి ఇంకో కొలత, గట్టు మీద పడి ఒక వానాకాలం తడిసి కుదురుకుంటే మూడో కొలత. నేను నమ్మకపోతే వంటింట్లోకి వెళ్లి అమ్మ అప్పుడే విసిరిన సెనగపిండి డబ్బాలో పోశాడు. డబ్బా నిండి పైన గోపురం కట్టింది. డబ్బాని నేలమీద నాలుగుసార్లు తట్టాడు. గోపురం పోయి, పిండి అంచుకి రెండు వేళ్లు కిందికి దిగింది. "ఒక్క చెంచా తియ్యలేదు, చూశావుగా" అన్నాడు. ఒలికిన పిండి చూసి అమ్మ అట్లకాడ తీసింది. మర్నాడు బడిలో నేను అదే పాఠం ఇసకతో చెప్పాను.

ఇక మా అమ్మ. నాన్న పోయాక మాకు మిగిలింది ఎకరం చేను. ఆ ఎకరం కూడా మెరక. నడుమ ఎత్తు, అంచులు పల్లం, బోర్లించిన మూకుడు మల్లే ఉండేది. చుట్టూ అందరి చేలలోకీ కాలవ నీళ్లు బోదెల వెంట పారేవి, మా చేను దగ్గరికొచ్చి ఎక్కలేక పక్కకి తిరిగేవి. అందరూ వరి ఊడుస్తుంటే అమ్మ మినుములు చల్లేది, కంద పెట్టేది, మిరపనారు వేసేది. యుద్ధం రోజులు. బియ్యం కంట్రోలు. చుట్టూ వరిచేల మధ్య ఉంటూ ముక్కిపోయిన రేషను బియ్యంలో రాళ్లేరుకోవడం అమ్మకి అవమానంగా ఉండేది. ఎవరైనా తమ చేలో పండిన కొత్త బియ్యం తవ్వెడు తెచ్చి పెడితే మంచిమాటలు చెప్పి తీసుకునేది గాని, ఆ అన్నం తినేటప్పుడు మాట్లాడేది కాదు. సొంత చేలో పండిన వడ్లు ఒక్క పంటయినా గాదెలో పోసుకోవాలన్నదే ఆవిడ కోరిక. నగ కావాలని, చీర కావాలని ఎన్నడూ అనలేదు.

ఆ ఏడు వేసవిలో కాలవలు కట్టేశాక, మా ఊరి పక్క గట్టు బలహీనంగా ఉందని పైకి లేపే పని వచ్చింది. పని మా బావ కంట్రాక్టరుకే దక్కింది. గట్టు పొడవు దాదాపు రెండు వేల అడుగులు. జూన్‌లో నీళ్లు వదిలేలోపు పూర్తి కావాలి. మట్టి ఎక్కడినుంచి తేవాలా అన్నదే సమస్య. అవతల ఫర్లాంగున్నర దూరంలో మురుగు కాలవ తవ్వినప్పుడు పోసిన దిబ్బ ఉంది, అది సర్కారుదే, ఎంతయినా తీసుకోవచ్చు. కాని అంత దూరం తట్టల మీద మొయ్యాలి. మా చేను గట్టుకి ఆనుకునే ఉంది.

ఒక పొద్దున బావ వచ్చి అరుగుమీద కూచుని, బొగ్గుతో నేలమీద గీతలు గీసి అమ్మకి చెప్పాడు. "అత్తయ్యా, నీ మెరక దించుకోవాలంటే కూలీలకి పెట్టలేక చస్తావు. ఇప్పుడు వాళ్లే తవ్వుకుపోతారు. సగం మట్టి నీ చేలోది, సగం డ్రెయిను దిబ్బది. నీకు మాగాణి, నాకు మట్టి." అమ్మ ఆ గీతలు అర్థం కానట్టే చూసింది గాని, అడగవలసింది మాత్రం అడిగింది. "ఎంత లోతు తియ్యాల్రా?" బావ అప్పటికే మట్టాలు చూసుకుని వచ్చాడు. అడుగున్నర తీస్తే బోదె నీళ్లు ఎక్కుతాయి, ఎక్కువైన నీళ్లు మురుగు కాలవలోకి దిగిపోతాయి. అంతకంటే బాగా కిందికి పోతే నీళ్లు వస్తాయి గాని పోవు, చేను చెరువవుతుంది. ఇది తనే చెప్పాడు, నా ముందు, నేలమీద గీతలు గీసి మరీ చెప్పాడు. అమ్మ తన మోచెయ్యి అరుగుమీద ఆనించి వేళ్లు చాచింది. అడుగున్నర అంటే ఆవిడ మూర. "మూరెడు. మూరెడు మీద వేలెడు కూడా ఒద్దు. పంతులమ్మ కొలుస్తుంది" అంది. బావ నవ్వి, "అంతకంటేనా" అన్నాడు.

అక్కడ లెక్కలన్నీ నావే. ఎకరానికి నలభై మూడు వేల పైచిలుకు చదరపుటడుగులు, అడుగున్నర లోతు, అంటే అరవై అయిదు వేల ఘనపుటడుగుల మట్టి. మా చేలోంచి పోవలసింది అంతే. పలక మీద వేసి అమ్మకి చదివి వినిపించాను. అన్ని వేలు మన చేలోనే ఉన్నాయా అని ఆశ్చర్యపోయింది. ఒక్క లెక్క మాత్రం నేను వెయ్యలేదు. గుంటలోంచి ఎంత పోతుందో లెక్కకట్టాను గాని, గట్టు మీద ఎంత పడాలో లెక్కకట్టలేదు. పిల్లలకి ఏ లెక్కయినా రెండు వైపులా సరిచూసుకోమని రోజూ చెప్పేదాన్ని, నా లెక్క ఒక వైపే చూసుకున్నాను. రెండో వైపు బావ ఉన్నాడుగా అనుకున్నాను.

చైత్రం చివర్లో మట్టిపనివాళ్లు దిగారు. మగవాళ్లు పలుగు పారలతో తవ్వడం, ఆడవాళ్లు తట్టలకెత్తుకుని గట్టెక్కడం. వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. తవ్వే నేలంతా ఒకేసారి దించెయ్యరు. అక్కడక్కడ నాలుగైదు చోట్ల, మనిషి కూచునేంత మేర తవ్వకుండా వదిలేస్తారు. చుట్టూ నేల దిగిపోయాక అవి దిమ్మల్లా నిలబడతాయి, నెత్తిన పాత గడ్డి అలాగే ఉంటుంది. సాక్షి దిమ్మలంటారు వాటిని. నేల ముందు ఎంత ఎత్తున ఉండేదో చెప్పడానికి ఇంక ఏ గుర్తూ మిగలదు గనుక, ఆ దిమ్మ ఎత్తే లోతు. దిమ్మ పక్కన టేపు పెట్టి కొలిచి, కొలత అయ్యాక పడగొట్టేస్తారు. మాలాంటి ఎగుడుదిగుడు చేనుకి అవి తప్ప వేరే ఆధారం లేదు. మా చేలో అలాంటివి నాలుగు వదిలారు. దిమ్మ నెత్తి మీద గడ్డి ఊడితే కొలత చెల్లదని, గొర్రెలు రాకుండా ముళ్లకంప కూడా వేస్తారు. ఇవన్నీ బావ నన్ను వెంటబెట్టుకుని తిరిగి చూపించాడు. గడ్డిపరకల్ని సాక్ష్యం అడిగే పద్ధతి నాకు ఎంతో ముచ్చటేసింది.

పని మొదలైన పది రోజులకి అక్కకి నొప్పులొచ్చాయి. తొలి కానుపు, మా ఇంట్లోనే. ఆడపిల్ల పుట్టింది. కానుపు కష్టమై అక్కకి జ్వరం తగిలింది. పదకొండు రోజుల పురుడు కాస్తా మూడు వారాల మంచమైంది. అమ్మా నేనూ బాలింతకి కాయం కలపడం, నీళ్లు కాయడం, గుడ్డలు ఉతకడం, ఇవే తప్ప చేను ఉందన్న మాటే మరిచిపోయాం. బావ రోజూ సాయంత్రం వచ్చి గుమ్మం బయట నిలబడి, పిల్ల ఎలా ఉందని అడిగి, "పని జరుగుతోందిలే అత్తయ్యా" అని చెప్పి వెళ్లేవాడు. ఒకరోజు మట్టిపనివాళ్ల పెద్ద మజ్జిగ అడగడానికి పెరట్లోకి వచ్చాడు. చెంబెడు తాగి, మీసాలు తుడుచుకుని, "మీ చేను మంచిదమ్మా. అడుక్కి పోయేకొద్దీ పసుపు మట్టి, వెన్నలాగా తెగుద్ది" అన్నాడు. పిల్ల ఏడుస్తోంది, నేను సరే సరే అంటూ లోపలికి పరిగెత్తాను. మా చేలో పై మూరెడూ నల్లమట్టి. పసుపు మట్టి దాని కింద. కంద గుంతలు తీసినప్పుడు పసుపు మట్టి కనబడగానే అమ్మ పార ఆపేస్తుంది. ఇది నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసీ ఆ మాట చెవినబెట్టలేదు.

మే నెలాఖరున కొలత పెట్టారు. అమ్మ ఆ రోజు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. చేను బల్లపరుపుగా ఉంది. ముందే పక్కకి తీసి పెట్టిన నల్లమట్టి పైన పలచగా పరిచారు. గట్టు మీద కొత్త మట్టి ఎత్తుగా నిలబడి ఉంది. నాలుగు దిమ్మలూ నెత్తిన గడ్డితో, నల్లగా, ఎక్కడివక్కడ ఉన్నాయి. బావ తోలు డబ్బాలోంచి టేపు లాగి కొస నా చేతికిచ్చాడు. "నేను చదివితే అత్తయ్య నమ్మదు. నువ్వు చదువు" అన్నాడు. నేను వంగి చూసి బడిలో ఎక్కాలు చెప్పించినట్టు గట్టిగా చదివాను. మొదటి దిమ్మ అడుగున్నర. రెండోది అడుగున్నర మీద అరంగుళం. మూడోది అడుగున్నరకి అంగుళం తక్కువ. నాలుగోది మళ్లీ అడుగున్నర. "అన్నీ అచ్చంగా ఒకటే వస్తే అనుమానించాలి పంతులమ్మా. కొంచెం అటూ ఇటూ ఉందంటే నిజమని లెక్క" అన్నాడు. ఆ మాట కూడా పాఠంలాగే నేర్చుకున్నాను. అమ్మ మాత్రం టేపుతో సరిపెట్టుకోకుండా నాలుగో దిమ్మ పక్కన కూలబడి మోచెయ్యి నేలకి ఆనించి చెయ్యి నిలబెట్టింది. వేలికొసలు గడ్డికి తగిలాయి. లేచి చీర దులుపుకుని, బావ తెచ్చిన కాయితం మీద, ఒప్పుకున్న లోతే తవ్వారని వేలిముద్ర వేసింది. మర్నాడు మూడు దిమ్మల్ని పడగొట్టారు. మట్టిపనివాళ్లు వేరే ఊరి పనికి తొందరగా వెళ్లిపోవడంతో మూలనున్న నాలుగోది అలాగే ఉండిపోయింది.

జూన్‌లో కాలవలు వదిలారు. బోదె తెగ్గొట్టగానే నీళ్లు మా చేలోకి గలగలమంటూ దిగాయి. మా అమ్మ ఏడుస్తూ నవ్వడం నేను ఒకే ఒక్కసారి చూశాను, అది ఆ రోజు. పసుపూ కుంకుమా నీళ్లలో వేసి, మోకాళ్ల దాకా దిగి, చేతులతో నీళ్లు అటూ ఇటూ కదిపింది. ఆకుమడికి జాగా లేకపోతే పక్క చేనువాళ్లు నారు ఇచ్చారు. అమ్మ కూడా కూలీలతో కలిసి ఊడ్చింది. తర్వాత రెండు వానలు పడ్డాయి. అందరి చేలలో ఎక్కువైన నీళ్లు మురుగులోకి దిగాయి. మా చేలో దిగలేదు. నాలుగు రోజులు చూశాం, వారం చూశాం. నారు కొసలు నీళ్లలో మునిగి, పచ్చబడి, తర్వాత నల్లబడి, వేళ్ల దగ్గర కుళ్లి పైకి తేలింది. అమ్మ పార తీసుకుని మురుగు కాలవ వైపు గట్టు తనే తెగ్గొట్టింది. లోపలి నీళ్లు బయటికి పోలేదు, బయటి మురుగు నీళ్లు మా చేలోకి వచ్చాయి. అమ్మ పార అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది.

ఆ మర్నాడు బడికి వెళ్లబోయే ముందు నేను ఒక్కదాన్నే నీళ్లలో దిగి మూలనున్న దిమ్మ దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో చెప్పలేను. కాసేపు కూచుందామనుకున్నానేమో. వానకి నాని దిమ్మ ఒంటిమీద నల్లమట్టి పెచ్చులుగా జారిపోయి ఉంది. లోపల అంతా పసుపుపచ్చ. నెత్తిన గడ్డి పట్టుకుంటే చాప చుట్టినట్టు ఒక పెచ్చుగా లేచి చేతికొచ్చింది. రెండు వేళ్ల మందం, దాని కింద కూడా పసుపు మట్టే. పై మూరెడు నల్లమట్టి ఉండవలసిన దిమ్మ మీద నల్లమట్టి లేదంటే, ఆ పై మూరెడూ ఎవరో నరికేశారు. నరికి, వేరేచోటి గడ్డి పెళ్లగించి తెచ్చి నెత్తిన పెట్టి, బురద మెత్తి, ఆరనిచ్చారు. నాలుగింటికీ అదే చేశారు. అంతటితో ఊరుకోక ఒకటి అరంగుళం పెంచారు, ఒకటి అంగుళం తగ్గించారు. నన్ను ఎలా నమ్మించాలో తెలిసిన మనిషి తప్ప అంత శ్రద్ధగా ఆ పని ఇంకెవరూ చెయ్యలేరు.

బడికి వెళ్లలేదు. నేరుగా మురుగు కాలవ దిబ్బ దగ్గరికి నడిచాను. సగం మట్టి ఇక్కడినుంచే అని చెప్పిన దిబ్బ. దాని మీద జిల్లేడు మొక్కలు నడుమెత్తున, ఒక్క కొమ్మ విరక్కుండా పూసి ఉన్నాయి. పార దెబ్బ ఒక్కటీ లేదు. తిరిగొచ్చి గట్టు మీద అడుగులేసుకుంటూ కొలిచాను. మూడు నెలల కిందటే వెయ్యవలసిన లెక్క అప్పుడు వేశాను. గట్టుకి కొత్తగా పోసిన మట్టి వెడల్పూ ఎత్తూ గుణిస్తే అరవై చదరపుటడుగులు, పొడవు రెండు వేలు. లక్షా ఇరవై వేలు. కుదురుకున్న మట్టి గనుక నేలలో ఇంకో పదివేలు ఎక్కువే. మూరెడు కాదు, రెండు మూరలు. మొత్తం మా అమ్మ చేనే.

ఇంటికి వెళ్లేసరికి బావ అరుగుమీద కూచుని బూటుకి అంటిన బురద గీకుతున్నాడు. అక్క లోపల గుమ్మం పక్కన, అటు తిరిగి పిల్లకి పాలిస్తోంది. "బావా, డ్రెయిను దిబ్బ మీద జిల్లేళ్లు అలాగే ఉన్నాయే?" అన్నాను. చెయ్యి ఆగింది గాని మొహం మారలేదు. "వానకి నేల కుంగుతుంది పంతులమ్మా. నీకు చెప్పాగా, మట్టి సంగతి" అన్నాడు. "కుంగితే దిమ్మ పసుపుపచ్చగా ఎందుకుంది?" అని గడ్డి పెచ్చు ఆయన ముందు పడేశాను. ఏదో చెబుతాడని నిజంగా ఆశపడ్డాను. నాకు తెలియని లెక్క ఏదో ఉంటుంది, బొగ్గుతో గీతలు గీసి చెబుతాడు, నేనే తప్పని తేలుతుంది అని నిలబడ్డాను. ఆయన అక్క వైపు చూశాడు.

అక్క ఇటు తిరక్కుండానే మాట్లాడింది. "నాకు తెలుసే. పురిటి మంచం మీద ఉండగానే చెప్పారు. దిబ్బ కాడ్నించి మొయ్యాలంటే ఇంకో నెల పడుద్దంట. నీళ్లు వదిలేలోపు గట్టు అవకపోతే పన్లోంచి తీసేస్తానన్నాడంట కంట్రాక్టరు. ఈ పసిగుడ్డునేసుకుని నేనెక్కడికి పోను?"

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే?" అన్నాను.

"చెబితే, అమ్మ ముందు ఆ అడుగున్నర అంత గట్టిగా చదివేదానివా?" అంది అక్క.

ఆవిడ కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. నా చదువుని నమ్మి టేపు నా చేతికిచ్చారనుకున్నాను. నన్ను అమ్మ నమ్ముతుందని ఇచ్చారు. పిండి డబ్బా దగ్గరినుంచి ఆ మనిషి నాకు నేర్పిన ప్రతి పాఠం మీదా నాకు అసహ్యం వేసింది. బావ గడ్డి పెచ్చు చేత్తో తీసి అరుగు కింద పెట్టి, "వచ్చే ఏడు నా సొంత పని వస్తుంది. అప్పుడు డ్రెయిను మట్టితో చేను మళ్లీ లేపిస్తా. అత్తయ్యకి ఇప్పుడే చెప్పకు" అన్నాడు. గొంతులో సిగ్గుంది, అది కూడా నిజమే. నేను ఆ గడ్డి పెచ్చు మళ్లీ చేతిలోకి తీసుకుని పెరట్లోకి వెళ్లాను.

అమ్మ నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. అన్నీ చెప్పాను. గడ్డి చూపించాను, జిల్లేళ్ల సంగతి చెప్పాను, గట్టు లెక్క చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కటే అడిగింది, "మీ అక్కకి తెలుసా?" అని. తెలుసన్నాను. ఇంకో చెంబు నీళ్లు పాదాల మీద పోసుకుంది. మట్టి ఎప్పుడో వదిలిపోయింది, అయినా రుద్దుతూనే ఉంది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది.

"కొలిచింది నువ్వే కదే" అంది.

"అమ్మా, నాకు" అని మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపింది. "తెలిసి చదివావో, తెలీక చదివావో నేనడగను. ఇద్దరు కూతుళ్లని కన్నాను. అడిగితే ఆ రెండోది కూడా మిగలదేమో." చెంబు బోర్లించి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట బావకి ఎప్పటిలాగే వడ్డించింది. నెయ్యి కూడా వేసింది.

మరుసటి ఏడు బావకి సొంత పని వచ్చింది. ఆ పై ఏడు ఇంకోటి వచ్చింది. బెజవాడలో మేడ కట్టాడు, మెరక మీదే కట్టాడు. మా చేనుకి మాత్రం తట్టెడు మట్టి రాలేదు. మొదట్లో వస్తుందన్నాడు, తర్వాత అనడం మానేశాడు, మేమూ అడగడం మానేశాం. చేలో తుంగ మొలిచింది, గుర్రపుడెక్క పట్టింది. చాపలు అల్లేవాళ్లు వచ్చి తుంగ కోసుకుపోతే అమ్మ వాళ్లతో బేరమాడేది కాదు, వాళ్లు పెట్టిందే తీసుకునేది. నేను ఎన్నోసార్లు చెప్పబోయాను. బియ్యం ఏరుతున్నప్పుడు, తలదువ్వుతున్నప్పుడు, ఒకసారి బందరు బస్సులో పక్కపక్కన కూచున్నప్పుడు. ప్రతిసారీ, ఆవిడ అడగకుండా నేనే చెబితే దోషిలాగా ఉంటుందని ఆగిపోయాను. అడుగుతుందేమోనని అమ్మ చివరి నెల అంతా మంచం పక్కనే కూచున్నాను. మంచినీళ్లడిగింది, కిటికీ తియ్యమంది, అక్క కూతురికి ఎన్ని మార్కులొచ్చాయని అడిగింది.

బావా పోయాడు, అక్కా పోయింది. వాళ్ల మీద కోపం వాళ్లకంటే ముందే పోయిందనుకుంటాను, సరిగ్గా ఎప్పుడో గమనించలేదు. అమ్మ అరవయ్యొకటో ఏట పోయింది. నాకిప్పుడు ఎనభై ఒకటి, లెక్క ప్రకారం ఆవిడకంటే నేనే పెద్దదాన్ని. కాలం నాకు అమ్మకంటే ఇరవై ఏళ్లు ఎక్కువే ఇచ్చింది. ఆవిడ ఎదుట నిలబడి నాకు తెలియదమ్మా అని చెప్పుకోవడానికి కావలసిన ఒక్క పూట మాత్రం అందులో లేదు.